లోపలి ప్యాడ్

శుక్రవారం. సోహార్‌లో ఇంకా ఎండ లేవలేదు.
తొమ్మిది దాటితే స్పానర్ చేత్తో పట్టుకోలేం.
అందుకే ఫజర్ నమాజు నుంచి మళ్లిన
చెప్పుల చప్పుడు గల్లీలో ఆగకముందే
బిల్డింగు వెనక ఇసుకలో కూచున్నాం,
నేనూ, భూమేశూ,
మా రెండువేల మూడు మోడల్ కరోలా.

ఆదివారం తనిఖీ. ముల్కియా గడువు ఆ మర్నాటికి.
సనాయ్యలో గ్యారేజీవాడు ముప్పై రియాళ్లన్నాడు.
ప్యాడ్ల డబ్బా వట్టిగా అయితే ఏడు.
మిగతా ఇరవైమూడు నా చేతుల్లో ఉన్నాయన్నాను.
పాలీక్లినిక్‌లో పదకొండేళ్లుగా
దొరకని నరాలు వెతికే చేతులు.
భూమేశ్ లెక్కలు రాసే మనిషి.
పద్నాలుగో నంబరు స్పానరడిగితే పదిహేడుది ఇస్తాడు,
అదీ రెండు చేతుల్తో, మర్యాదగా.

జాకీ ఎక్కించకముందే నట్లు వదులు చెయ్యాలి.
వెనక టైర్లకు ఇటుకలు పెట్టాలి.
మెట్‌పల్లి డిపోలో మా చిన్నాయన
బస్సు కింద వెల్లకిలా పడుకుని పని చేస్తుంటే
నేను టార్చి పట్టేదాన్ని.
పనంతా కనబడేది టార్చి పట్టినోళ్లకే.
ఇవాళ టార్చి భూమేశ్ చేతిలో ఉంది.

మూడో అంతస్తు బాల్కనీలోంచి షాజీ
టీ తాగుతూ అరిచాడు:
"సిస్టర్, క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకండి!"
అప్పటికే బట్టలారేసే తీగతో పైకి కట్టేశాను,
సెలైన్ సీసాలు కట్టీ కట్టీ వచ్చిన ముడి.

ప్యాడ్లు ఊడి చేతికొచ్చాయి.
బయటిది బాగానే ఉంది, బిస్కెట్టంత మందం.
లోపలిది ఇనుము దాకా అరిగింది.
ఒకే చక్రం, ఒకే డిస్కు,
ఒకే రోజు బిగించిన జత.

"ఇన్నాళ్లూ ఇదొక్కటే పనిచేసిందన్నమాట," అన్నాడు భూమేశ్.
టార్చి వెలుగు దానిమీదే ఆగింది.
నేనేం మాట్లాడలేదు.
నైట్ డ్యూటీలు లెక్కపెట్టుకున్నాను.
పాప జ్వరాలు. నా పేరుతో తీసిన లోన్లు.
అతనూ ఏవో లెక్కపెట్టుకుంటున్నాడని
వెలుగు కొంచెం వణికితే తెలిసింది:
తెల్లారుజామున నన్ను తీసుకురావడానికి
క్లినిక్ గేటు ముందు ఇదే కారులో
అతను తీసిన కునుకులు, బహుశా.
ఇద్దరమూ, ఎవరికి వాళ్లం,
లోపలి ప్యాడ్ నేనే అనుకున్నాం.

తప్పు ప్యాడ్లది కాదు.
క్యాలిపర్ జారాల్సిన పిన్ను
ఉప్పుగాలికి ఎండి బిగుసుకుపోయింది.
బయటిది డిస్కు దాకా రాలేకపోయింది.
రానని ఎప్పుడూ అనలేదు.

గుట్కా నములుతూ గుల్ జమాన్ క్లాంపు తెచ్చిచ్చి
అడక్కుండానే పక్కన గొంతుకూచున్నాడు.
పిన్ను లాగడానికి ముగ్గురం చాలలేదు,
షాజీ కూడా లుంగీ మడిచి దిగొచ్చాడు.
ఊడినప్పుడు నలుగురం వెనక్కి పడ్డాం.
గరుకు కాగితంతో రుద్ది, వేలెడు గ్రీజు పూసి,
పాత ప్యాడ్ అడ్డం పెట్టి పిస్టన్ లోపలికి నొక్కుతుంటే
"ఆయిలు పొంగుద్దేమో చూడు," అన్నాను.
పాలకి కాపలా పెట్టినట్టు
బానెట్టు మీదికి వంగి రెప్పవేయకుండా చూశాడు.

ఒక చక్రానికి గంటన్నర. రెండోదానికి ఇరవై నిమిషాలు.

లోపల కూచుని పెడల్ నొక్కాను.
నేల దాకా పోయింది.
తెలుసు, మొదట్లో అలాగే పోతుందని తెలుసు,
అయినా నా కడుపులోంచి ఏదో దాంతోపాటు జారింది.
రెండు. మూడు. నాలుగోసారి కూడా ఖాళీయే.
ఆరో నొక్కుకి పాదం కింద
నాడి తగిలింది.

సముద్రం రోడ్డు వైపు ఇరవైలో పోనిచ్చాం.
కొత్త ప్యాడ్లు కాలిన వాసన. కిటికీలు దించాం.
స్పీడుబ్రేకరు దగ్గర ఒకసారి,
చేపల బండి అడ్డమొస్తే ఒకసారి,
ఊరికే ఒకసారి, ఆగుతుందా లేదా అని.
భూమేశ్ సీటు ముందు ఏ పెడలూ లేదు,
రబ్బరు చాప, దానిమీద ఇసుక.
నేను నొక్కిన ప్రతిసారీ
అతని కుడికాలూ నొక్కుతోంది.