ఎడమ కన్ను

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
పొద్దుగూకేదాకా కాయలేరి,
రేటు పడిపోయిన రోజు
కూలి కంటే కాయలే ఎక్కువొస్తాయి
మస్తానమ్మ కొంగులో.

వేళ్ల సందులు పగిలున్నాయి, ఉప్పు తగలనీదు.
అందుకని గిన్నె ముందు నేను కూర్చుంటా.
గడప మీంచి ఆమె చెప్తా ఉంటాది.

"జామకాయ దోరగా ఉండాల, మాగింది తీసెయ్.
గింజలుండనీ, కరకరమనకపోతే ఏం తిన్నట్టు?
మామిడికాయ తొక్కతోనే కొట్టు.
ఎండుమిరపకాయలకి సెగ చూపించి
రాళ్లుప్పేసి నూరు. మెత్తగా కాదబ్బా,
పంటికి తగలాల."

ఆటో తోలే చేతులు నావి,
ముక్కలు వంకరటింకర.
చిటికెడు బెల్లమంటే గుప్పెడేశా, తిట్టింది.
నిమ్మకాయ మాత్రం తనే ఏరి ఇచ్చింది.
అరచేతిలో ఎగరేస్తే చాలు, తెలిసిపోతాది
ఏది రసం కాయో, ఏది బెండుదో.

పిండి, కుదిపి, ఒక ముక్క
నోటికందించా.

ఏమీ అనలా.
ఎడమ కన్ను మూసుకుపోయింది,
దవడ కింద నరం లేచింది,
నాలుక టక్కుమంది.

కుడి కన్ను మాత్రం
గిన్నెలోకే చూస్తా ఉంది.