వరుసగా మూడు చుక్కలు

సివిల్ ఐడీ కార్డులో ఆమె పేరు బుల్లమ్మ.
అరబ్బీకి 'ప' పలకదు.
"పుల్లమ్మ నాయనా, రాయచోటి తట్టు" అంది
నా తెలుగు చెవిన పడగానే,
అబాయా చేతులు మోచేతుల దాకా ఎగదోసుకుని.

బయట తూజ్. కిటికీ అద్దానికి ఇటుకపొడి రంగు.
కువైత్‌లో జూన్ నెల ఇంతే,
పట్టపగలు లైట్లు వేసుకుని కార్లు పాకుతుంటాయి.
లోపల, సీసం పెట్టెలోంచి తీసిన సిరంజి
తన బరువు కన్నా బరువుగా నా చేతిలో.

తొడలో గడ్డ.
నిమ్మకాయంత ఉన్నప్పుడు చాకిరీలో మరిచింది.
బత్తాయంత అయ్యాక మేడమ్ చూసింది.
పోయిన వారం ఎమ్మారై:
కండరాల నడుమ తెల్లగా,
తడిగోడకు కొట్టిన సున్నంలా, అంచు ఎక్కడో తెలియకుండా.
ఇప్పుడు ఎముకల వంతు.
అక్కణ్నుంచి లేచి ఎటైనా నడిచిందా అని.

"ఇదేం మందు?"
మందు కాదమ్మా, వెతికేది.
ఏ ఎముక ఎక్కువ పనిలో ఉంటే
దాని దగ్గరికి పోయి కూర్చుంటుంది.
"నా ఎముకలన్నీ పన్లోనే ఉండాయి గదా."
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మూడు గంటలు ఆగాలి. సీసాలకు సీసాలు నీళ్ళు తాగాలి.
రేపటిదాకా చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు.
ఆ ఆఖరి మాటకు
కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది.
"నూరా నేను లేకుంటే పండుకోదే.
వాళ్ళమ్మ కాడ ఏడుస్తాది."
ఒక సీసా నీళ్ళు తాగి, మూత బిగించి,
"అయితే ఈ ఒక్క రాత్రీ
కాళ్ళు చాపి పండుకోవచ్చునా?"
రాసిచ్చాను, అరబ్బీలో, ముద్ర కొట్టి.
నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది
జీతం దాచుకున్నట్టు.

మధ్యాహ్నం బల్ల మీద పడుకోబెట్టాను.
పైనొక పలక, కిందొక పలక.
కదలొద్దు, అన్నాను.
పదకొండేళ్ళలో ఆమెను కదలొద్దన్నది
బహుశా నేనే మొదట.

తెర మీద పుల్లమ్మ సన్నగా కురవడం మొదలైంది.
పుర్రె, మెడ, భుజాలు.
రెండు మోకాళ్ళూ గుప్పున వెలిగాయి, అది అరుగుదల.
బక్కెట్ల కుడి మణికట్టు.
తొడ దగ్గర గడ్డ చుట్టూ మసక, ఎముక మాత్రం మౌనం.
హమ్మయ్య అనుకునేలోగా
ఎడమ పక్కటెముకలు, ఏడు, ఎనిమిది, తొమ్మిది:
మూడు నల్లచుక్కలు, ఒకదాని కింద ఒకటి.

"డాక్టరు చెప్తారు" అనే వాక్యం
నాకు నాలుగు భాషల్లో వచ్చు.
దాని వెనకాల దాక్కోవడం కూడా.

డాక్టర్ హనాన్ వచ్చి, కళ్ళద్దాలు నుదుటికి తోసి,
తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది.
"జబ్బు వరుస కట్టదు.
చల్లిన గింజల్లా ఎక్కడంటే అక్కడ పడుతుంది.
ఇది దెబ్బ.
అడుగు, ఎప్పుడైనా పడిందేమో."

అడిగాను.
"పడలా" అంది, కప్పుకేసి చూస్తూ.
మిషన్ చల్లారుతున్న చప్పుడు.
"పాత ఇంట్లో. పోయిన రంజాన్‌లో. మెట్ల మీద."
మెట్ల మీంచి పడ్డావా?
"పడలా అంటి గదా."

ఆ మాట అరబ్బీలోకి తిప్పడానికి
నాకు చాలాసేపు పట్టింది.
డాక్టర్ ఇంకెక్కువసేపు కీబోర్డు మీద వేళ్ళుంచి
చివరికి 'పాత గాయం' అని కొట్టింది.
ఎవరు, అనే గడి
మా ఫారంలో లేదు.

ఎముకల్లో జబ్బు లేదంటమ్మా. అవి పాత దెబ్బలంట.
ఆదివారం తొడలోంచి ముక్క తీస్తారు, అది తేలాలి.
"అయితే ఇది మంచి కబురేనా?"
అవునన్నాను. అనాలి గనక.

చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగింది.
పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి,
వేళ్ళతో ఒకటి, రెండు, మూడు తడుముకుంది.
"నూరాను ఈ పక్కనే ఎత్తుకుంటా.
ఒక్కోసారి కలుక్కుమంటాది.
పిల్ల బరువనుకుంటి."