మస్టర్

ఓదెలు ఎల్‌టీసీ మీద మనాలి పోయొచ్చిండు.
ఫోన్ల ఫొటోలు: కాళ్లకు రెండు పొడుగు చెక్కలు,
కిరాయి కోటు, మోకాళ్ల దాక మంచు.
స్కీయింగట. పదకొండు సార్లు పడ్డడట,
నిలవడ్డది ఒక్కసారి, అదే ఫొటో.
"పిట్టలేమన్న కనవడ్డయా మామా?" మా సారిక అడిగింది.
"యాడియి బిడ్డా, చలికి అన్నీ కిందికి దిగినయట."

కిందికంటే ఎక్కడికి?
ఆ మాట పట్టుకొని కూసున్నది వారం దినాలు.

ఈ ఆదివారం నాకు ప్లే డే దొరకలే.
పొద్దు పొడవకముందే ఇద్దరం
భూపాలపల్లి ఓపెన్‌కాస్టు ఎనుక
పాత డంపు ఎక్కినం.
నేను పోసిన గుట్టే.
ఎన్ని ట్రిప్పులో లాగ్‌బుక్కుకు ఎరుక.
మా బాపు దున్నిన చెలక
ఇండ్లనే ఏడనో తలకిందులై ఉన్నది.

మంచు లేదు, పొగమంచున్నది,
అండ్ల బొగ్గు వాసన, దూరంగ సైరన్.
తెగిన కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి తెచ్చుకున్నది సారిక.
దాని మీద కూసొని జర్రున జారింది
నా పదేండ్ల కష్టం మీదికెల్లి.
"ఒకటి!" కిందికెల్లి అరుపు.
పడ్డయి లెక్కవెడుతున్నది.

అప్పుడు వచ్చింది.
గుట్ట కొనకు, బండ మీద, ఒక్కతే.
ముందుగాల నల్లగనే అనిపించింది.
ఎండ తాకంగనే నీలం,
వెల్డింగ్ మంట అంచుకుండే నీలం.
తల వంచింది, తోక దించింది,
మస్టర్ పడ్డట్టు.

పేరు నాకు తెల్వది.
"కొండరాళ్ల మీద బతికే పిట్ట బాపూ,
మంచు పడితె దిగొస్తది," అన్నది, గుసగుసగ.

నూరు మీటర్ల లోతుల
ఎన్నడు వెలుతురు చూడని రాయి.
మేము పైకి తెచ్చి కుప్పవోస్తే
దానికి కొండ.
"మోసపోయింది పాపం," అన్న.
"మోసమెట్లయితది, కూసున్నది గద."

సోమవారం రాత్రి షిఫ్టు.
ఆ కొనకే లోడు పొయ్యమన్నరు.
బ్యాక్ గేరేసి, అద్దంల చూసి,
పది గజాలు ఇవతల్నే ఎత్తిన.
సూపర్‌వైజర్ అడిగితె
అంచు మెత్తగున్నదని చెప్పిన.

తెల్లారి బడికి జడేసుకుంట అడిగింది:
"ఎండకాలం అది మల్ల పైకి పోతది గద.
దాని కాళ్లకంటిన మన నల్లమట్టి
ఆ మంచుల కనవడ్తదా బాపూ?"

ఓదెలు మామనడుగుదాం, అన్న.
వాడు రాత్రి నాతోనే దిగిండు డ్యూటీ,
ఈపాటికి గుర్రువెడుతుంటడు.