దుంప తేలితే

తీగ వదలడం, తీగ చుట్టడం.
ముప్పై ఏళ్ళుగా యాల్గ్రిమ్ ఉద్యోగం ఇంతే.
ఫారో దీవులకు దక్షిణాన, సముద్రం కింది గట్టు తెగిన చోట,
ఎనిమిది వందల మీటర్లకు సీసాలు దించి
నీళ్ళు తోడతాడు.

నాకు లెక్కలు వచ్చు.
ఆయనకు తెలిసిందల్లా వాళ్ళమ్మ చేపల పీపా.
నీళ్ళలో ఉప్పు పోసి, ఒక బంగాళదుంప వేసేదట.
మునిగితే ఇంకో గుప్పెడు.
తేలితే చాలు, చేప పాడవదు.
"దుంప తేలికైపోయి కాదు బార్బా,
నీరు బరువెక్కి."

ఉత్తరాన, ఎవరూ చూడని జనవరిలో,
గాలి సముద్రం ఒంటి మీది వెచ్చదనాన్ని ఒలుచుకుపోతుంది.
గడ్డకట్టే నీరు ఉప్పును ఒళ్ళో ఉంచుకోదు,
కిందికి విదిలిస్తుంది.
చలీ ఉప్పూ కలిసి మీద పడ్డ నీరు
ఇక పైన నిలవలేదు.
దిగుతుంది.
అల లేదు, నురగ లేదు.
దిగి, పోగై, గట్టు సందులోంచి
చీకట్లో దక్షిణానికి పొర్లుతుంది.
భూమ్మీది నదులన్నీ కలిసి మోసేదానికన్నా ఎక్కువ నీరు
మా ఓడ అడుగున దూకుతూ ఉంటే
బల్ల మీద నా కాఫీ తొణకదు.

అది ఖాళీ చేసిన చోటికే
పైనుంచి దక్షిణపు గోరువెచ్చని నీరు వస్తుంది.
మా రేవు గడ్డకట్టకపోవడం, కొండ మీద గొర్రెకు గడ్డి దొరకడం
కొంత ఆ దిగిపోయినవాటి పుణ్యం.

ఈసారి ఉత్తరపు పైనీటి సీసా
మూడో దశాంశ స్థానంలో చప్పబడింది.
రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేదు.
ఎక్కడో మంచు కరిగి కలుస్తోంది.

"మునిగిందా, తేలిందా?" అన్నాడు యాల్గ్రిమ్.
ఎలా చెప్పను?
నీరు చప్పబడితే దుంప మునుగుతుంది,
నీరు మాత్రం మునగదు.

ఆ రాత్రి, మిగిలిన అడుగు సీసాల నీళ్ళను
ఆయన గిన్నెలోకి వంపి దుంపలు వేశాడు.
మళ్ళీ వెలుగు చూడ్డానికి
వందల ఏళ్ళు పట్టాల్సిన నీరు
పొయ్యి మీద కుతకుతలాడింది.

తొక్క తియ్యకుండా కొరికి చూశాను.
"ఉప్పు సరిపోయిందా?"
ఆవిరికి కళ్ళద్దాలు మసకేశాయి.
"ఇప్పటికి సరిపోయింది," అన్నాను.