తరుగు

ముప్ఫై నాలుగేళ్ళు గుంటూరు మిర్చి యార్డులో
కాటా పక్కన నిలబడి చీటీలు రాశాను.
తేమకింత, గోతానికింత, తాలుకాయకింత అని
రైతు నోరు తెరిచేలోపే
తరుగు తీసి పారేసేవాణ్ణి.

ఇప్పుడు నా చీటీ ఎవరో రాస్తున్నారు.

పోయినేడు ముప్ఫై ఒక వెయ్యీ నాలుగొందలు.
ఈ ఏడు నలభై రెండు వేల ఎనిమిదొందల యాభై.
ఏం చేశానయ్యా అంటే
వయసు పెరిగింది బాబాయ్ అన్నాడు మస్తాన్.
హమాలీ సైదులు కొడుకు. వాళ్ళ నాన్న
నా కళ్ళముందే బస్తా కింద నడుం విరగ్గొట్టుకున్నాడు.
వీడు తెల్లచొక్కా వేసుకుని పాలసీలు మోస్తున్నాడు.
మంచి పిల్లాడే.
మిర్చికి కోల్డు స్టోరేజీలో వయసు పెరిగితే రంగు పోద్ది, ధర పడిపోద్ది.
మనిషికే వయసుతో రేటు పెరగడం.

ఇంకోటుంది బాబాయ్, మందుల ఖర్చు కూడా ఇచ్చేది,
పదకొండు వేలు పైన వేసుకుంటే చాలు.
ఎంతిస్తారు?
ఏడాదికి పన్నెండు వేలు.
అందులో?
నూటికి ఇరవై మనం పెట్టుకోవాలి.

ఆ మాట వాడు మెల్లిగా అన్నాడు,
నేనొకప్పుడు తేమ అన్నంత మెల్లిగా.

పదకొండు వేలు పోసి
తొమ్మిది వేల ఆరొందలు కొనుక్కోవడం.
కమీషన్ కొట్టు గుమాస్తాని,
ఈ లెక్కకి కాగితం కూడా అక్కర్లేదు నాకు.
వద్దులే అన్నాను. కొత్తపేటలో జనరిక్ కొట్టుంది.
బిళ్ళ అదే, డబ్బా వేరు.

సరే, వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసియ్యి,
పాత పాలసీకైనా కావాలి, అన్నాడు.

ఆ రాత్రి సువార్త పక్కమీదికి చేరాక
బిస్కెట్ల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను.
నావి: గుండెకి రెండు, రక్తం పలచబడ్డానికొకటి.
ఆమెవి: గొంతుకొకటి, బీపీకొకటి.
అలవాటు చావదు, లెక్కపెట్టాను.
ఒకటో తారీఖు తెచ్చినవి ముప్ఫై.
ఇవాళ పంతొమ్మిది, వేసుకోవడం అయిపోయింది.
బీపీ బిళ్ళలు పదకొండు ఉండాలి.

ఇరవైన్నర ఉన్నాయి.

యార్డులో సరుకు తక్కువ తేలితే దొంగని వెతుకుతాం.
ఎక్కువ తేలితే
గుండె జారుద్ది.

ఆ అర బిళ్ళ
రేకులో మడిచి, రబ్బరు చుట్టి, అడుగున.
పక్కనే నా గడ్డం బ్లేడు.

పొద్దున్నే అడిగాను.
పప్పులో పోపు పెడుతూ వెనక్కి తిరక్కుండా చెప్పింది:
"సగానికే బానే ఉంటందిలే.
నీ గుండెవి మాత్రం కొయ్యలా,
అవి కోస్తే పొడైపోతన్నాయి."
అంటే చూసిందన్నమాట, కోసి.

తిట్టాలనుకున్నాను. తుమ్మొచ్చింది,
ఎండుమిరపకాయ ఘాటుకి.
ఇన్నేళ్ళు ఆ టిక్కీల మధ్య బతికినా
నాకు రాని తుమ్ము.

సుద్దమొక్క తీసి గోడమీద మళ్ళీ వేశాను లెక్క.
పద్నాలుగొందలు నష్టం. ఎన్నిసార్లు వేసినా అంతే.
కానీ సువార్తని నేనెరుగుదును.
టిక్కెట్టు కొన్న బస్సు దిగి నడిచే రకం కాదు,
డబ్బు కట్టేసిన అన్నం గిన్నెలో వదిలే రకం కాదు.
ముందే కట్టేశామని తెలిస్తే
నిండు బిళ్ళే మింగుద్ది, మొండిగా,
కంపెనీ మీద కసి తీర్చుకుంటున్నట్టు.

తరుగు పోగా మిగిలేది
ఆ రెండో సగం.

మస్తాన్‌కి ఫోన్ చేశాను. నవ్వాడు,
లెక్కలు తెలిసిన మనిషివి బాబాయ్, ఇదేంటి, అన్నాడు.
నువ్వు కాగితాలు తీసుకురా అన్నాను.

తెచ్చాడు. అంతా నింపాను,
పుట్టిన తేదీ, బరువు, నామినీ.
ఒక గడి దగ్గర పెన్ను ఆగింది.

ప్రస్తుతం వాడుతున్న మోతాదు.

డాక్టరు రాసింది రాసెయ్ బాబాయ్, అంటున్నాడు వాడు.
కాటా ముల్లు ఇంకా ఊగుతుండగా
చీటీ రాయకూడదని నాకు నేర్పిన షావుకారు
ఎప్పుడో పోయాడు.
లోపల సువార్త
బ్లేడు ఎక్కడ పెట్టావని అడుగుతోంది.