ఏడో రోజు చూపించాల్సిన చెయ్యి

డబ్బోలో మంగళవారం. కబేళా పక్కనున్న క్లినిక్కులో
గ్లెనిస్ అనే నర్సు నా ఎడమ ముంజేతి మీద
చర్మం పొరలో ఒక చుక్క మందు నింపి
చుట్టూ నీలం పెన్నుతో గుండ్రం గీసింది.
రక్తం ఒక సీసా తీసుకుంది.
"గోకొద్దు. ఏడు రోజులయ్యాక వచ్చి చెయ్యి చూపించు."

టీకా కాదిది. టీకాకు ముందు ఒంటిని అడిగే ప్రశ్న.
గొర్రెల నుంచి వచ్చే ఈ క్యూ జ్వరం
నీకు ముందే తెలుసా అని.
తెలిసుంటే సూది వెయ్యరు, వేస్తే చెయ్యి పుండైపోవచ్చట.
తెలియకుంటే వేస్తారు.
"కడుపుతో ఉన్నావా?"
"లేను."
ఆరేళ్లుగా ఎవరడిగినా నసిగే మాట
ఈసారి గట్టిగా చెప్పాల్సొచ్చింది.
వేయించుకుంటే కొన్నాళ్లు ఆగమన్నారు.

ముప్పై ఎనిమిది నిండాయి నాకు.

రాత్రి ఓబులేసు కరెంటు బిల్లు వెనక
నిలువుగా గీత గీశాడు.
ఇటువైపు: వాపు, తలనొప్పి, చేజారే నెలలు.
అటువైపు ఒక్క పేరే రాశాడు. డారెల్.

డారెల్ దొడ్లో పొగరుబోతు పొట్టేలును
ఒంటిచేత్తో పక్కకు ఈడ్చేవాడు.
జ్వరం తగ్గి రెండేళ్లు.
ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టి
మూడో గుండీ దగ్గర మంచం మీద కూర్చుంటాడట.

ల్యాబులో గాజు పళ్లాల మీద మొలిచిన చుక్కల్ని
పొద్దస్తమానం లెక్కపెట్టేదాన్ని నేను.
వెయ్యికి ఇన్ని అని రాసి సంతకం పెడతాను.
ఆ ఇన్నిలో ఎవరున్నారో ఏనాడూ అడగలేదు.

ఇంకో సంగతుంది, వాళ్ల కాగితంలో దానికి గడి లేదు.
పెనుకొండ గుట్టల్లో మా జేజి
ఈనలేక మూలిగే గొర్రెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి
పిల్లను బయటికి లాగేది.
మాయ పొదల్లోకి విసిరేసి
చెంగుకు తుడుచుకున్న ఆ చేత్తోనే
నాకు సంగటి ముద్ద పెట్టేది.
నాకు ఆరేళ్లప్పుడు పదిహేను దినాలు ఒళ్లు కాలింది.
దిష్టన్నారు. ఉప్పు తిప్పి పొయ్యిలో వేశారు.
ఆ జ్వరానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఇప్పుడు దాని పేరు కోసమే
ఈ నీలం గుండ్రంలోకి చూస్తున్నా.
అది ఇదేనని తేలితే బాగుండని ఒక పూట.
అది నాలో ఇంకా దాక్కుని ఉంటేనో అని మరో పూట.
జేజిని తిట్టాలో మొక్కాలో
సోమవారం దాకా తెలియదు.

నాలుగో రాత్రి. ఓబులేసు సెల్‌ఫోన్ లైటు వేసి వంగాడు.
"ఎర్రబడిందా?"
"లేదు."
"ఇదిగో, ఇక్కడ?"
"అది దోమ కుట్టింది."

పొరబాటు పడకుండా
దోమ కుట్టినదాని చుట్టూ కూడా
ఇంకో గుండ్రం గీశాడు, ఎర్ర పెన్నుతో.