లవంగ నూనె

మత్రా సూక్‌ల మూడో సందు,
సాంబ్రాణి దుకాణానికి ఆనుకొని
హైదర్ సాబ్ పాత సామాన్ల కొట్టు.
నిన్న ఒక ముసలి ఓడ కెప్టెన్ ఇంట్లకెళ్లి
గోనెసంచిల చుట్టిన మూడు కత్తులు వచ్చినయ్.
"జపాన్‌వి. సమురాయ్ అని రాయి లింబాద్రీ,
రేటు నేను చూసుకుంట" అన్నడు సాబ్.

నేను రాయలే.
కమ్మరోళ్ల పిలగాన్ని.
ఇనుము ముంగట అబద్ధమాడితే
రవ్వ ఎగిరి కంట్ల పడ్తదని
కొలిమి కాడ మా తాత బెదిరించేటోడు.

మొదటిది అల్కగ దొరికింది.
పిడికి తాడు చుట్టినట్టే ఉంటది,
గోరుతో గీకితే తాడు కాదు,
పోతపోసిన అల్యూమినియం, మీద తాడు రంగు.
హవల్దారుది.
అలుగు మీద నంబరు, ఒర మీద నంబరు.
ఎయిర్‌పోర్టుల నా పాస్‌పోర్టు చూసినోని లెక్క
రెండూ పక్కపక్కన పెట్టి చూసిన.
ఒక్క అంకె తేడా.
యుద్ధం ఒడిసి, కత్తులన్నీ కుప్ప పోసిన నాడు
ఏది ఎవని జోడో ఎవడు చూస్తడు!

రెండోది సన్నగ, పొట్టిగ,
నికెల్ మెరుపుతోని.
సాబ్‌కు ఇదే నచ్చింది.
భూతద్దం పెట్టి పిడి వీపు చూసిన.
మిలిటరీదైతే చెర్రీ పువ్వుండాలె.
దీనికి పొద్దు, చుట్టూ కిరణాలు.
పోలీసోనిది.
పుట్టినకాంచి సాన ముఖం చూడలే,
ఉల్లిగడ్డ సుత తెగది.
కానీ పిడి మీద ఒక్క తావుల
గరుకు తోలు అరిగి నున్నగైంది.
ఏండ్లకేండ్లు ఒక అరచెయ్యి ఆనిన జాగ.
బజార్ల నిలబడ్డ మనిషి.
ఆయన్ను చూసి గంపలు సర్దుకున్నోళ్లు
ఎంతమందో, ఏమిచ్చుకున్నరో
కత్తి చెప్పదు.

మూడోది మిలిటరీ బట్టలేసుకున్నది.
ఖాకీ ఒర, పిడికి గోధుమ-నీలం కుచ్చు.
వెదురు మేకు తట్టి పిడి ఊడదీసిన.
లోపలి తోక నల్లగ, బర్రె తోలు లెక్క.
దానికి రెండు తూట్లు,
ఒకటి పాతది, ఒకటి మొన్నటిది.
ఎవరో తాతల నాటి అలుగును
కురచజేసి యూనిఫాం తొడిగిండ్రు.
అంచు పొడుగునా మంచు లాంటి గీత.
ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచిన గడియ
ఇంకా అండ్లనే ఉన్నది.

సాబ్ పాలిష్ డబ్బా తెచ్చిండు.
"వద్దు సాబ్, ఆ తుప్పే దాని వయసు."
ఆయన నా దిక్కు కొద్దిసేపు చూసి,
జాంజిబార్‌ల పుట్టిన మనిషి కదా,
గల్లా కింద నుంచి లవంగ నూనె సీస తీసిండు.
"మా అమ్మ పన్ను నొప్పికి పెట్టేది."
జపానోళ్లు కత్తికి పెట్టేది గూడ గదేనట.
అలుగుకు మాత్రం రాసిన, పలచగ.

చీటీలు కట్టిన:
హవల్దారు, ఒర వేరేవానిది.
పోలీసు, పదును లేదు.
మూడోదాని కాడ కలం ఆగింది.
"సమురాయ్?" అన్నడు సాబ్, ఆశగ.
"పాతది" అని రాసిన. గంతే తెలుసు.

రాత్రి రూంల కుబ్బూస్ తుంచుతుంటే
పక్క మంచం బక్కన్న ముక్కెగబీల్చి,
"ఏందే, ఏ పన్ను?" అన్నడు.